రెండో రోజే చదివేస్తే ఎలా?

గత మాసం గోదావరిఖని వెళ్లినప్పుడు మా అన్న ఇంట్లో పాత కాగితాలు సర్దే పని నా మీద పడింది. అన్న అంటే మా పెద్దబాపు కొడుకు. సింగరేణిలో ముప్పై రెండేళ్లు పనిచేసి 2019లో పదవీ విరమణ పొందాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు తెచ్చిన ట్రంకు పెట్టెను అప్పటినుంచి తెరవనే లేదట. అందులో వేతన చీటీలు, సంఘం రసీదులు, పిల్లల మార్కుల జాబితాలు, వాటన్నిటి అడుగున నాలుగు మడతలు పెట్టిన ఒక ఆసుపత్రి కాగితం కనిపించాయి.

కాగితం మీద 2003 నాటి తేదీ ఉంది. ఎడమ పక్కన ఇరవై పేర్లు: పొటాషియం డైక్రోమేటు, నికెల్, కోబాల్టు, నియోమైసిన్, థయురామ్ మిశ్రమం, పార్థీనియం, ఇలా. వాటికి ఎదురుగా రెండు నిలువు గడులు. మొదటి దాని మీద ‘48 గంటలు’ అని, రెండో దాని మీద ‘96 గంటలు’ అని అచ్చు వేసి ఉంది. మొదటి గడి నిండా సున్నాలు. రెండో గడి ఖాళీ. అడుగున ఒకే ఒక్క మాట: నెగటివ్.

ఆ ఖాళీ గడిని గూర్చే ఈ టపా.

అన్న చేసిన పని రూఫ్ బోల్టింగ్. బొగ్గు గనుల సంగతి ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు చెప్పాలి. భూగర్భంలో బొగ్గు తీసిన చోట నెత్తిమీది బండ కూలకుండా నిలపడమే ప్రాణాధారమైన పని. ఒకప్పుడు కర్ర దుంగలు ఆనించేవారు. తరువాత బోల్టులు వచ్చాయి. పైకప్పులోకి నిలువుగా రంధ్రం తొలుస్తారు. నీళ్లలో నానబెట్టిన సిమెంటు క్యాప్సూళ్లను ఆ రంధ్రంలోకి నెట్టి, వాటి వెంట ఇనుప బోల్టును ఎక్కిస్తారు. సిమెంటు గట్టిపడి బోల్టునూ బండనూ ఒకటిగా పట్టుకుంటుంది. తలెత్తి ఈ పని చేసేవాడి వేళ్ల మీదుగా ముంజేతుల మీదికి సిమెంటు నీళ్లు కారుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి, షిఫ్టు వెంట షిఫ్టు.

ఆ సిమెంటు నీళ్లలో ఉండేది సున్నపు ఘాటు ఒక్కటే కాదు. అందులో లేశమాత్రంగా షడ్వాలెంట్ క్రోమియం అనే లోహపు రూపం కరిగి ఉంటుంది. లోకమంతటా తాపీ పనివాళ్ల చేతుల్ని తినేసిన పదార్థం అదే. డెన్మార్కు 1980ల ఆరంభంలోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేటు కలిపి దాని కోరలు తీసే పద్ధతి చేపట్టింది. 2005 నుంచి ఐరోపా సమాఖ్య అంతటా సిమెంటులో కరిగే ఆ క్రోమియం పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు మించరాదన్న నిబంధన వచ్చింది. గనిలో బండ కింద నిలబడిన మనిషికి ఇవేవీ తెలియవు. అతనికి తెలిసింది దురద ఒక్కటే.

అన్నకు 2001 వానాకాలంలో మొదలైంది. మొదట వేళ్ల సందుల్లో చిన్న చిన్న నీటి పొక్కులు, తరువాత పగుళ్లు, పగుళ్లలోంచి రసి. చూసినవారందరూ ‘గజ్జి’ అన్నారు. ఆ ఒక్క మాట చేసిన కీడు రోగం చేసినదానికంటే తక్కువేమీ కాదు. క్యాంటీన్లో ఆయన తాగిన గ్లాసును వేరుగా పెట్టారు. పెళ్లి పంక్తిలో పక్కవాడు జరిగి కూర్చున్నాడు. అన్నం కలుపుకొంటే పగుళ్లలో కారం మండేది గనుక వదినె ముద్దలు చేసి చేతికి అందించేది. అంటువ్యాధి కానిదాన్ని అంటువ్యాధి అని ఊరంతా తీర్పు చెప్పేసింది.

ఆర్‌ఎంపీ సూదులు వేశాడు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న పూతలు అయ్యాయి. రాసినన్నాళ్లు తగ్గేది, మానగానే మళ్లీ వచ్చేది. ఒక సంగతి మాత్రం వదినె గమనించింది. పండుగకు పది రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉంటే చేతులు నెమ్మదించేవి. మళ్లీ బాయిలోకి దిగిన రెండో రోజో మూడో రోజో పొక్కులు లేచేవి. చదువుకోని ఆ ఇల్లాలి పరిశీలనలోనే రోగనిర్ణయం సగం ఉంది. మిగతా సగం తేల్చడానికే 2003 జనవరిలో నేను అన్నను వెంటబెట్టుకొని ఒక నగరంలోని ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడ చేసిన పరీక్షను ప్యాచ్ టెస్ట్ అంటారు. మనం పట్టీ పరీక్ష అందాం. అనుమానించిన పదార్థాలను తగు పాళ్లలో వాసెలిన్ వంటి దానిలో కలిపి, చిన్న చిన్న అల్యూమినియం గిన్నెల్లో ఉంచి, వీపు పైభాగాన పట్టీలతో అతికిస్తారు. రెండు రోజులు కదలకుండా ఉంచి తీసేస్తారు. ఏ గిన్నె ఉన్న చోట చర్మం ఎర్రబడి, ఉబ్బి, పొక్కులు లేస్తుందో ఆ పదార్థం ఆ మనిషి ఒంటికి పడదని అర్థం. వినడానికి ఇంత సులభమైన పరీక్ష మరొకటి లేదనిపిస్తుంది.

సోమవారం అతికించారు. బుధవారం తీశారు. వైద్యుడు వీపు చూసి, గడి నిండా సున్నాలు వేసి, “నీకు ఏ అలర్జీ లేదు, పని మోటుదనం వల్ల చేతులు అలా అయ్యాయి, రబ్బరు తొడుగులు వేసుకో” అన్నాడు. మళ్లీ ఎప్పుడు రావాలని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. పోయిన మస్టర్లు చాలునని ఆ సాయంత్రమే అన్న రైలెక్కి రామగుండంలో దిగాడు. పరీక్ష అయిపోయిందన్నారు కదా అని గురువారం తలంటి పోసుకున్నాడు. వీపు మీది సిరా గీతలు నీళ్లలో కలిసిపోయాయి.

శుక్రవారం రాత్రి వీపు దురద పెట్టింది. వదినె దీపం వెలుతురులో చూసి, “ఇదేందయ్యా, వీపు మీద రెండు దద్దులు లేసినయి. మొన్న లేకుండె గదా!” అన్నది. అన్న ఇచ్చిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. “కాగితంల ఏం లేదని రాసిచ్చిండ్రు గదా. ఏదో గోకుడు పడ్డదేమో తియ్యి.”

నాకీ సంగతి ఉగాదికి వెళ్లినప్పుడు గాని తెలియలేదు. అప్పటికి ఆ దద్దులు మానిపోయాయి. వీపు చెప్పింది ఒకటి, కాగితం చెప్పింది ఒకటి. చదువుకున్నవాళ్ల మీది గౌరవం కొద్దీ అన్న కాగితాన్నే నమ్మాడు.

ఆయన తరువాతి ఆరేళ్లు వైద్యుడు చెప్పినట్టే రబ్బరు తొడుగులు వేసుకొని పనిచేశాడు. చేతులు మరింత చెడ్డాయి. 2009లో మరో ఊళ్లో మరో వైద్యుడు మళ్లీ పట్టీలు వేశాడు. ఈసారి నాలుగో రోజు దాకా ఉండమని పట్టుబట్టాడు. ఆ నాలుగో రోజున రెండు చోట్ల చర్మం ఉబ్బి లేచింది. ఒకటి డైక్రోమేటు, అంటే సిమెంటులోని క్రోమియం. రెండోది థయురామ్, అంటే రబ్బరు తయారీలో కలిపే రసాయనం. ఆరేళ్లపాటు రక్షణ అనుకొని తొడుక్కున్నదే రెండో శత్రువు! 2003లో వీపు మీద లేచినవి ఈ రెండేనా అంటే ప్రమాణం చేసి చెప్పలేను. గుర్తులు చెరిగిపోయాక ఏ గిన్నె ఎక్కడుందో ఎవరికి తెలుసు? కాని ఆ రాత్రి చూడవలసినవారు చూసి ఉంటే ఆ ఆరేళ్లు మరోలా ఉండేవన్నది నా దృఢ విశ్వాసం.

ఈ పరీక్షకు రెండో రోజు ఎందుకు చాలదో వివరించాలి. అలర్జీ అనగానే మనకు స్ఫురించేది వంకాయ తింటే అరగంటలో దద్దులు లేవడం. అది ఒక జాతి. దానికి చేసే సూదిమొన పరీక్షను 15, 20 నిమిషాల్లో చదివేస్తారు. తాకిడి వల్ల చర్మానికి వచ్చే అలర్జీ వేరే జాతి. రక్తంలోని ప్రతిరక్షకాలు కాకుండా టి-లింఫోసైట్లు అనే కణాలు దీన్ని నడుపుతాయి. వెనక ఒకసారి ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకున్న కణం మళ్లీ దాన్ని పోల్చుకోవాలి, తోటి కణాలను పిలవాలి, అవి వృద్ధి చెందాలి, రక్తనాళాలు దాటి ఆ చోటికి చేరాలి. ఇదంతా జరిగితే గాని చర్మం ఉబ్బదు. కొందరిలో రెండు రోజులకే తేలుతుంది. అనేకుల్లో మూడో, నాలుగో రోజు పడుతుంది. కొన్ని పదార్థాలకు వారం కావాలి. అందుకే దీనికి ఆలస్య ప్రతిక్రియ అని పేరు. ఆలస్యం అని పేరులోనే పెట్టుకున్నదాన్ని తొందరపెట్టడం ఏమి న్యాయం?

ఇంకో చిక్కు ఉంది. పట్టీ తీసిన వెంటనే చర్మం ఎర్రగానే ఉంటుంది. అది అతుకు ఒత్తిడి కావచ్చు, పదార్థపు ఘాటుకు కలిగిన చిరచిర కావచ్చు. అందుకే తీశాక కొంతసేపు, అరగంట వరకైనా, ఆగి చూడాలంటారు. అప్పుడైనా చిరచిర ఏదో, నిజమైన అలర్జీ ఏదో ఒక్క చూపుకు తేలకపోవచ్చు. కాలం తేలుస్తుంది. చిరచిర సాధారణంగా రోజు గడిచేకొద్దీ తగ్గుతుంది, అలర్జీ పెరుగుతుంది. అంటే వైద్యుడు చూడవలసింది మచ్చను మాత్రమే కాదు, మచ్చ నడకను. నడక తెలియాలంటే కనీసం రెండుసార్లు చూడాలి. మెతుకు పట్టి చూస్తే అన్నం సంగతి తెలుస్తుందంటాం. నిజమే, కాని ఎసరు మరగకముందే పట్టి చూస్తే చేతికి వచ్చేది బియ్యపు గింజే కదా!

ఇది నా సొంత పాండిత్యం కాదు. ఈ పరీక్షకు మూలపురుషుడైన యోసెఫ్ యాడసోన్ 1895లో, పాదరసపు లేపనం పడని రోగుల చర్మం మీద అదే పదార్థాన్ని పెట్టి చూపినప్పటినుంచి వైద్యలోకం ఈ వేళల గురించే వాదించుకుంటూ వచ్చింది. ఐరోపా వైద్యుల సంఘం 2015లో వెలువరించిన మార్గదర్శకాలు రెండో రోజు ఒకసారి, మూడో లేక నాలుగో రోజు ఒకసారి, ఏడో రోజు సుమారున మరొకసారి చదవమంటున్నాయి. ఏడో రోజు చూడకపోతే 7 నుంచి 30 శాతం వరకు అలర్జీలు తప్పిపోవచ్చని కూడా అక్కడే ఉంది. కొన్ని లోహాలు, నియోమైసిన్ వంటి పైపూత మందులు, స్టెరాయిడ్ పూతలు ముఖ్యంగా ఆలస్యంగా బయటపడే రకం. పూతమందే పడని మనిషికి అదే పూత రాస్తూ పోవడం మన ఊళ్లలో అరుదైన సంగతా?

ఈ పరీక్షకు హద్దులూ ఉన్నాయి. చేతులు పగిలిన ప్రతివాడికీ అలర్జీ ఉండదు. తడి సిమెంటు క్షారగుణమే చాలు చర్మాన్ని కాల్చడానికి. ఎంత ఆగినా సున్నాలే వచ్చేవారు ఉంటారు. నాలుగో రోజున ఏమీ లేక, పది పన్నెండు రోజులు దాటాక హఠాత్తుగా లేచిన మచ్చ, పరీక్షే కొత్తగా తెచ్చిపెట్టిన అలర్జీ కావడానికి కూడా అవకాశం ఉంది. కనుక నేను అనంతంగా ఆగమనడం లేదు. శాస్త్రం చెప్పినంతవరకు ఆగమంటున్నాను.

అయితే ఆగడం ఎవరి చేతుల్లో ఉంది? గోదావరిఖనిలో అసలు ప్రశ్న ఇది.

పట్టీలు వీపు మీద ఉన్నంతకాలం స్నానం చేయరాదు. చెమట పట్టరాదు. చివరి పఠనం అయ్యేదాకా సిరా గుర్తులు చెరగరాదు. భూగర్భంలోకి దిగిన మనిషి అరగంటలో చెమటతో తడిసి ముద్దవుతాడు. అంటే పరీక్ష జరిగే వారమంతా పనిలోకి పోకూడదు. ఆనాటి 1952 గనుల చట్టం ప్రకారం వేతనంతో కూడిన వార్షిక సెలవు దక్కాలంటే భూగర్భంలో పనిచేసేవారికి సంవత్సరంలో 190 హాజరులు, ఉపరితలంలో వారికి 240 హాజరులు ఉండాలి. బొగ్గుబాయి భాషలో వీటినే మస్టర్లు అంటారు. మస్టరు అంటే అక్కడ కూలి ఒక్కటే కాదు. సెలవు, మర్యాద, ఉద్యోగ భద్రత అన్నీ దానితో ముడిపడినవే. పైగా నగరంలో వసతి, భోజనం, తోడు వచ్చినవాడి కూలి. ఇవన్నీ లెక్క వేసుకున్న కార్మికుడు బుధవారం సాయంత్రం రైలెక్కడా? మా అన్న ఎక్కాడు. ఆయన తొందరలో తప్పు లేదు. ఆ తొందర తెలిసి కూడా ‘శుక్రవారం చూడనిదే ఇది పూర్తి కాదు’ అని చెప్పకపోవడంలో ఉంది తప్పు.

ఇక చట్టం సంగతి. 2011లో కేంద్ర ప్రభుత్వం రసాయనాలు నేరుగా తాకడం వల్ల వచ్చే చర్మవ్యాధిని గనుల చట్టం కింద నోటిఫై చేసిన వ్యాధుల్లో చేర్చింది. అంతకు ముందు మన దృష్టి అంతా ఊపిరితిత్తుల మీదే. అది సహజమే, బొగ్గు ధూళి చంపుతుంది, చర్మం చంపదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి మూడవ షెడ్యూలులో కూడా రసాయనాలూ రంగులూ తాకడం వల్ల వచ్చే చర్మవ్యాధి ఉంది. సంతోషం. కాని ఆ జాబితా ఎవరికి పనికి వస్తుంది? రోగనిర్ణయం అయినవాడికి. రోగనిర్ణయం ఎలా అవుతుంది? పట్టీ పరీక్షతో. పట్టీ పరీక్ష దేని మీద నిలుస్తుంది? నాలుగో రోజు చూపు మీద. ఆ చూపు లేనినాడు, ఢిల్లీలో రాసిన చట్టం గోదావరిఖనిలో ఒక ఖాళీ గడి దగ్గర ఆగిపోతుంది. ‘నెగటివ్’ కాగితం చేతిలో ఉన్న కార్మికుడు ఉపరితలంలో పని ఇమ్మని అడగబోతే, ఆ కాగితమే అతని మీద సాక్ష్యం చెబుతుంది. పరీక్ష చేయించుకోనివాడికంటే సగం పరీక్ష చేయించుకున్నవాడి గతి హీనం.

కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నాలుగో రోజు చూడని పట్టీ పరీక్ష ఫలితాన్ని ‘నెగటివ్’ అని రాయకూడదు. ‘48 గంటలకు ఏమీ కనబడలేదు, పరీక్ష అసంపూర్ణం’ అని రాయాలి. ఇందుకు డబ్బు అక్కరలేదు, యంత్రాలు అక్కరలేదు. ఒక వాక్యం చాలు. ఆ వాక్యం ఉండి ఉంటే మా వదినె చూసిన దద్దులకు విలువ ఉండేది. వాళ్లు తిరిగి రైలెక్కేవారు.

తక్కినవి కూడా అసాధ్యాలు కావు. పట్టీలు సోమవారమే వేస్తే బుధ, శుక్రవారాలు, మళ్లీ సోమవారం పఠనానికి అనువుగా కుదురుతాయి, ఆదివారం అడ్డురాదు. పట్టీలు వేసిన ఊరికే ప్రతిసారీ పోనక్కరలేకుండా, మొదటి విప్పుడు ఇంట్లోనే జరగవచ్చు. ఇల్లాలికి చూపించి, సిరా గీతలు మళ్లీ దిద్దమని చెప్పి పంపితే చాలు. రోగి నాలుగో రోజున వస్తాడు. ఒక్కసారే చూడగలిగితే రెండో రోజుకంటే నాలుగో రోజు మేలు. ఎండలు 45 డిగ్రీలు దాటే ఆ ప్రాంతంలో వేసవిలో పట్టీలు నిలవవు, చలికాలానికి పెట్టుకోవాలి. వీపు మీద స్టెరాయిడ్ పూతలు రాసినవారికి, స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువ మోతాదులో వాడుతున్నవారికి పరీక్ష మోసం చేస్తుంది కనుక ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

“ఫోనులో ఫోటో తీసి పంపితే సరిపోదా?” అని ఒక మిత్రుడు అడిగాడు. కొంత సరిపోతుంది. ఏమీ తెలియకపోవడంకంటే ఎంతో నయం. కాని ఈ పఠనంలో కన్నుతో పాటు వేలు కూడా ఉంది. ఎరుపు ఒక్కటే చాలదు, ఆ చోట చర్మం గట్టిపడి ఉబ్బిందో లేదో తడిమి చూడాలి. ఫోటో వైద్యుణ్ణి పిలవగలదు, వైద్యుడి వేలికి బదులు కాలేదు.

ఆ వేలు గోదావరిఖనికి దూరంగా ఉండనక్కరలేదని నా వాదన. 2003లో అన్న నగరానికి పోక తప్పలేదేమో. 2022 నవంబరులో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. సింగరేణికి తన ఏరియా ఆసుపత్రులున్నాయి. పట్టీలు ఎక్కడ వేసినా, నాలుగో రోజు, ఏడో రోజు పఠనాలు కార్మికుడి ఇంటికి నడక దూరంలో జరిగే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? పరీక్ష వారాన్ని వైద్య సెలవుగా గాక, పని మీదే ఉన్నట్టు లెక్కించి మస్టర్లు ఎందుకు వేయకూడదు? పని తెచ్చిన రోగమో కాదో తేల్చే వారం పనిలో భాగం కాదా? ఇది శాశ్వత కార్మికుడికి ఎంత అవసరమో, ఓపెన్ కాస్టుల్లోనూ రోడ్ల పనుల్లోనూ ఉన్న ఒప్పంద కార్మికుడికి అంతకు పదింతలు అవసరం. అతనికి ఒక వారం అంటే ఉద్యోగమే.

ఇది గని కార్మికుడి గొడవ మాత్రమే కూడా కాదు. ఆ ప్రాంతంలో బసంత్‌నగర్ వైపు సిమెంటు, రామగుండంలో విద్యుత్తు, ఎరువులు, ఊరూరా ఇళ్ల కట్టడాలు. ఖాళీ జాగా కనబడితే చాలు, వయ్యారిభామ మొక్క. 1950ల్లో పుణె ప్రాంతంలో కనిపించి దేశమంతా అల్లుకున్న ఆ పార్థీనియం గాలిలోనే తేలి వచ్చి ముఖాన్ని, మెడను మొద్దుబారుస్తుంది. ఇళ్లలో జుట్టు రంగు, బొట్టుబిళ్ల వెనకాల జిగురు, గిల్టు నగల నికెల్. వీటన్నిటికీ పరీక్ష ఒకటే, ఓపిక కూడా ఒకటే.

మిత్రులారా, చదవడం మన వ్యసనం. ఒక కవితను ఒక్కసారి చదివి తీర్పు చెప్పేవాణ్ణి మనం రసికుడు అనం. నాలుగు రోజుల తరువాత మళ్లీ తెరిస్తే మొదట కనబడనిది కనబడుతుందని మనకు తెలుసు. మనిషి వీపుకు ఆపాటి మర్యాద ఇవ్వమనే నేను అడుగుతున్నాను.

అన్నకు 2009 తరువాత పై అధికారి ఒకరు దయతలచి సిమెంటు తగలని పని చూపించారు. రబ్బరుకు బదులు ప్లాస్టిక్ తొడుగులు, లోపల నూలు తొడుగులు వచ్చాయి. పగుళ్లు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. క్రోమియం ఒకసారి పట్టిన చర్మం, దాన్ని వదిలేశాక కూడా ఏళ్ల తరబడి పగ పట్టి ఉండడం వైద్యులందరూ ఎరిగినదే. ముందుగా తెలియడానికీ ఆలస్యంగా తెలియడానికీ తేడా అదే.

ట్రంకు పెట్టెలోని ఆ కాగితం చూపించి, “పారేయనా అన్నా?” అని అడిగాను. ఆయన దాన్ని మొద్దుబారిన వేళ్లతో విప్పి, ఖాళీ గడిని చాలాసేపు చూశాడు. “ఉండనియ్యి తమ్మీ. ఇది నిండలే గదా, ఎట్ల పారేస్తం?” అన్నాడు.

మళ్లీ నాలుగు మడతలు పెట్టి పెట్టెలోనే ఉంచాను.